గాలం తాడు ఎందుకు తెగింది?

సంక్రాంతి పండక్కి పెద్దోడు ఇంటికి వచ్చాడు. వాడు విశాఖపట్నంలో ఒక దుకాణంలో పని చేస్తున్నాడు. వాళ్ల ఊరు సముద్రం ఒడ్డున ఉంది. ఇంట్లో తాత, అయ్య, అమ్మ ఉంటారు. అయ్యకి ఒక తెప్ప ఉంది. గాలం వేసి సూర చేపలు పడతాడు. ఈ సూరలనే వ్యాపారులు టూనా అంటారు.

పెద్దోడు తాతకి పంచె తెచ్చాడు. అమ్మకి చీర తెచ్చాడు. అయ్యకి మాత్రం ఒక దారపు రీలు తెచ్చాడు. దారం ఆకుపచ్చగా ఉంది. చాలా సన్నగా ఉంది. దగ్గరగా చూస్తే సన్నని పోగులు కలిపి జడలాగా అల్లి ఉన్నాయి.

తాత దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“ఏటిరా ఇది? బట్టలు కుట్టే దారంలాగుంది. దీంతో సూరని పడతారా?” అన్నాడు.

“ఇది అల్లిక దారం తాతా. సన్నంగా ఉన్నా చాలా గట్టిది. చీటీ మీద చూడు, 50 అని ఉంది. 50 కిలోలు ఆపుతుందట” అన్నాడు పెద్దోడు.

“మన లావు నైలాన్ దారమే మేలు. దీన్ని నేను నమ్మను” అన్నాడు తాత.

అయ్య ఏమీ అనలేదు. కొడుకు తన జీతం డబ్బుతో తెచ్చాడు. పండగ వెళ్లిన మర్నాడు ఆ దారాన్నే వేటకి తీసుకెళ్లాడు. నైలాన్‌కి వేసే ముడే దీనికీ వేసి గాలం కట్టాడు.

తెల్లవారుతుండగా పెద్ద సూర పడింది. దారం బిగిసింది. అయ్య వేలు తెగి రక్తం వచ్చింది. అయినా వదలకుండా లాగాడు. చేప ఒక్కసారి తల విదిలించింది. అంతే, దారం వదులైపోయింది. చేపా పోయింది, గాలమూ పోయింది. ఆ రోజుకి మరో చేప పడలేదు. డీజిల్ ఖర్చూ ఐసు ఖర్చూ మీద పడ్డాయి. సావుకారు బాకీ అలాగే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి అయ్య రీలును మూలకి విసిరేశాడు.

“నేను చెప్తే విన్నావా?” అన్నాడు తాత.

పెద్దోడి మొహం చిన్నబోయింది. వాడు ఏమీ మాట్లాడలేదు.

అమ్మ ఆ రీలును చేతిలోకి తీసుకుంది. అమ్మ రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు ఏ కాగితం కనబడినా చదవాలని చూస్తుంది. చీటీ మీద ఇంగ్లీషులో ఉంది. అంకె మాత్రం తెలిసింది. 50. దాని పక్కన రెండు అక్షరాలు ఉన్నాయి.

“ఒరే పెద్దోడా, నేను చేపలు తూచే కాటా మీద కిలోలకి రెండు అక్షరాలుంటాయి. రోజూ చూస్తాను గదా. ఇవి ఆ అక్షరాలు కావురా” అంది అమ్మ.

పెద్దోడు చీటీ అందుకుని చూశాడు. అవి ‘ఎల్‌బి’ అనే అక్షరాలు. అంటే పౌండ్లు. కిలోలకైతే ‘కెజి’ అని ఉండాలి.

పౌండు అంటే ఎంత?

పౌండు ఇంగ్లీషువాళ్ల తూకం. ఒక పౌండు అంటే దాదాపు 450 గ్రాములు. అర కిలో కన్నా కొంచెం తక్కువ. గాలం దారాల రీళ్ల మీద చాలాసార్లు పౌండ్లలోనే బలం రాస్తారు.

పౌండ్లను కిలోలు చేయడానికి తేలిక లెక్క ఒకటి ఉంది. అంకెలో సగం తీసుకోవాలి. ఆ సగంలోంచి పదో వంతు తీసేయాలి. 50లో సగం 25. 25లో పదో వంతు రెండున్నర. తీసేస్తే మిగిలేది ఇరవై రెండున్నర.

అంటే ఆ దారం ఆపేది 50 కిలోలు కాదు. ఇరవై రెండున్నర కిలోలే. చీటీ చదవడంలో చిన్న పొరపాటు జరిగింది. దారం బలం సగం కన్నా తక్కువైపోయింది.

“సరే. కానీ ఆ సూర ఇరవై కిలోలు కూడా ఉండదు. మరి ఎందుకు తెగింది?” అన్నాడు అయ్య.

అది మంచి ప్రశ్న.

తెగిన కొస చెప్పే మాట

తాత దీపం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని దారం కొసను చూశాడు. ఆ కొస పంది తోకలాగా మెలికలు తిరిగి ఉంది.

“ఇది తెగలేదురా. ముడి జారిపోయింది” అన్నాడు తాత నెమ్మదిగా.

తాత మాట నిజం. దారం ఎలా పోయిందో చాలాసార్లు దాని కొసే చెబుతుంది.

కొస మెలికలు తిరిగి ఉంటే, ముడి జారింది.

కొస దూది పింజలాగా రేగి ఉంటే, దారం రాయికో గుల్లకో ఒరుసుకుంది.

కొస కత్తితో కోసినట్టు ఉంటే, చేప పళ్లో, పదునైన గుల్లో కోసింది.

దారం తెగితే తిట్టి పారేయకూడదు. ముందు కొసను చూడాలి. కారణం తెలిస్తే రెండోసారి అదే నష్టం రాదు.

ఈ దారం దేనితో చేస్తారు?

తాత కుర్రతనంలో నూలు దారంతో గాలాలు వేసేవారు. నూలు నీళ్లు పీల్చుకుంటుంది. రోజూ ఎండబెట్టకపోతే కుళ్లిపోతుంది. తర్వాత నైలాన్ వచ్చింది. నైలాన్‌ను 1935లో అమెరికాలో కనిపెట్టారు. అది కుళ్లదు. గాలానికి వాడే నైలాన్ దారం ఒకే లావు పోగుగా ఉంటుంది. లాగితే కొంచెం సాగుతుంది.

కొత్తగా వచ్చిన అల్లిక దారాలను ఎక్కువగా పాలిథిన్‌తో చేస్తారు. సంచులు చేసే పాలిథిన్ జాతిదే ఇది. కానీ తయారీ వేరు. కంటికి కనిపించని దీని పోగులు లోపల చాలా పొడవుగా, ఒకే వైపు తీర్చినట్టు ఉంటాయి. కొబ్బరి పీచు పొడవుగా ఉంటే తాడు గట్టిగా వస్తుంది గదా. ఇదీ అంతే. ఈ రకం పోగును నెదర్లాండ్స్ దేశంలో 1990లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టారు. అంతకు కొన్నేళ్ల ముందే అమెరికాలో కూడా ఇలాంటిది వచ్చింది. ఒకే బరువున్న ఉక్కు తీగతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు బలమైనది. ఇలాంటి పోగులు నాలుగో ఎనిమిదో కలిపి జడలాగా అల్లితే అల్లిక దారం అవుతుంది.

ఇది నీళ్లు పీల్చదు. నీళ్ల మీద తేలుతుంది. అంతే బలమున్న నైలాన్ దారంలో దాదాపు సగం మందమే ఉంటుంది. అందుకే చిన్న రీలులో కూడా ఎక్కువ పొడవు పడుతుంది. లోతు నీళ్లలో చేప ఎరను ముట్టుకున్నా పైన చేతికి తెలుస్తుంది.

ఇన్ని మంచి గుణాలున్నాయి. మరి ఎందుకు తెగుతుంది?

తెగడానికి అయిదు కారణాలు

మొదటిది ముడి. ఈ దారం చాలా నున్నన. నైలాన్‌కి వేసే మామూలు ముడి దీని మీద పట్టు దొరక్క జారుతుంది. జారకపోయినా, ముడి దగ్గర దారం ఒంపు తిరిగి నలుగుతుంది. ఏ దారానికైనా ముడి దగ్గరే బలం తగ్గుతుంది. చెడ్డ ముడి వేస్తే బలం సగానికి కూడా పడిపోవచ్చు. చీటీ మీద రాసిన బలం ముడి లేని దారానిది.

రెండోది ఒరిపిడి. పోగులు చాలా సన్నవి. బిగువుగా ఉన్నప్పుడు రాయి అంచు తగిలితే ఒక్కో పోగూ తెగిపోతుంది. రాళ్లకీ పడవ అడుగుకీ అంటుకున్న గుల్లలు కత్తుల్లాంటివి. కోనెం చేప పళ్లూ అంతే. కోనెంనే వంజరం అని కూడా అంటారు.

మూడోది కుదుపు. నైలాన్ సాగుతుంది. చేప విదిలించినప్పుడు ఆ దెబ్బను కొంత తాను మోస్తుంది. అల్లిక దారం దాదాపు సాగదు. దెబ్బంతా ఒక్కసారిగా ముడి మీదా, చేతి మీదా పడుతుంది. చేప తూకం పది కిలోలే కావచ్చు. కానీ అది విదిలించినప్పుడు పడే బరువు అంతకన్నా ఎక్కువ.

నాలుగోది వేడి. నైలాన్ 200 డిగ్రీలు దాటాక గానీ కరగదు. ఈ పాలిథిన్ పోగు దాదాపు 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. పొడి దారానికి ముడి వేసి గట్టిగా లాగితే దారం మీద దారం రాసుకుంటుంది. ఆ రాపిడి వేడికే పోగులు దెబ్బతింటాయి. అందుకే ముడిని తడిపి బిగించాలి.

అయిదోది చిక్కు. దారాన్ని రీలుకి వదులుగా చుడితే, చేప లాగినప్పుడు పై చుట్టు కింది చుట్ల మధ్యలోకి దిగబడిపోతుంది. దారం ఆగిపోయి పుటుక్కుమంటుంది. చిక్కు పడినప్పుడు విప్పకుండా లాగేసినా, అక్కడ ముడి పడి బలం పోతుంది.

ఎండా ఉప్పూ కూడా ఏ దారానికైనా శత్రువులే. ఉప్పు నీరు ఆరాక అల్లిక మధ్యలో ఉప్పు పలుకులు మిగులుతాయి.

బిందెడు నీళ్ల పరీక్ష

“నైలాన్ కొత్తగా వచ్చినప్పుడు కూడా ఇలాగే జరిగింది. నూలుకి వేసే ముడి నైలాన్ మీద జారిపోయేది. మా అయ్య అది పనికిరాదన్నాడు. తర్వాత మేం దారాన్ని రెండు పేటలు చేసి ముడి వేయడం నేర్చుకున్నాం” అన్నాడు తాత.

“అయితే దీనికీ వేసి చూడు మావా” అంది అమ్మ.

మర్నాడు పొద్దున్న వేప చెట్టు కింద పరీక్ష పెట్టారు. దారం ఒక కొసను కొమ్మకి పదిసార్లు చుట్టారు. రెండో కొసకి నున్నని ఇనుప కడియం కట్టారు. ఆ కడియానికి తాడుతో బకెట్టును వేలాడదీశారు. బకెట్టు నేలకి జానెడు ఎత్తులోనే ఉంది. అమ్మ లీటరు చెంబుతో నీళ్లు పోసింది. లీటరు నీళ్లు ఒక కిలో బరువు. ఎన్ని చెంబులైతే అన్ని కిలోలు.

మొదట అయ్య తన పాత ముడి వేశాడు. పదకొండో చెంబు పోస్తుండగా ముడి జారింది. బకెట్టు కింద పడింది. కొస మళ్లీ పంది తోకలాగా తిరిగింది.

తర్వాత తాత రెండు పేటల ముడి వేశాడు. దారాన్ని మడిచి రెండు పేటలు చేశాడు. ఆ మడతను కడియంలోంచి దూర్చాడు. ఆ రెండు పేటలతోనే వదులుగా ఒక మామూలు ముడి వేశాడు. మిగిలిన మడతలోంచి కడియాన్ని మొత్తం దూర్చి దాటించాడు. ఉమ్మితో తడిపాడు. నెమ్మదిగా బిగించాడు. గాలాలు వేసేవాళ్లు దీన్ని పాలోమర్ ముడి అంటారు. తాతకి ఆ పేరు తెలియదు. చేతికి మాత్రం తెలుసు.

ఈసారి పదిహేను చెంబులతో బకెట్టు నిండింది. ముడి కదల్లేదు.

మూడోసారి పెద్దోడు దారాన్ని సముద్రపు గుల్ల మీద పదిసార్లు రాశాడు. మళ్లీ అదే ముడి వేశారు. ఆరో చెంబుకే దారం తెగింది. ముడి దగ్గర కాదు, రాసిన చోట తెగింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“దారం తప్పు కాదయ్యా. దాని సంగతి మనకి తెలియలేదు” అంది అమ్మ.

అయితే నమ్మవచ్చా?

అల్లిక దారాన్ని నమ్మేవాళ్లూ ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు. ప్రపంచమంతటా ఇదే మాట. కర్రా చక్రమూ పెట్టి లోతు నీళ్లలో గాలం వేసేవాళ్లు చాలామంది దీన్నే వాడతారు. రాళ్ల మధ్య వేసేవాళ్లు చాలామంది లావు నైలానే మేలంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. వేసే చోటును బట్టి దారం ఉండాలి.

ఎక్కువమంది రెండూ కలిపి వాడతారు. పొడవంతా అల్లిక దారం ఉంటుంది. గాలం దగ్గర కొన్ని బారలు లావు నైలాన్ కడతారు. రాయి తగిలినా, చేప ఒంటికి రాసుకున్నా నైలాన్ ఓర్చుకుంటుంది. కుదుపును కూడా కొంత మోస్తుంది. కోనెం లాంటి పళ్ల చేపలకైతే గాలం దగ్గర ఉక్కు తీగ కడతారు.

చేత్తో లాగే వేటకి ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. సన్నని దారం వేళ్లను కోసేస్తుంది. చేత్తో లాగేవాళ్లకి లావు నైలానే చేతికి మంచిది. అల్లిక దారం వాడితే చేతికి తొడుగు ఉండాలి. ఏ దారమైనా చేతికి చుట్టుకోకూడదు. తెగని దారం కూడా ప్రాణం తీయగలదు. ఉత్తరాంధ్ర తీరంలో పెద్ద చేప తాడుతో సహా మనిషిని నీళ్లలోకి లాగేసిన సంఘటనలు ఉన్నాయి. చేప పోతే రేపు ఇంకొకటి పడుతుంది. మనిషి పోతే రాడు.

తెగిన దారాన్ని సముద్రంలో పారేయకూడదు. నైలాన్ గానీ పాలిథిన్ గానీ కుళ్లదు. ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. తాబేళ్లూ పక్షులూ అందులో చిక్కుకుంటాయి. తెప్ప ఇంజిను రెక్కకీ చుట్టుకుంటుంది. ముక్కలన్నీ సంచిలో వేసి ఒడ్డుకి తీసుకురావాలి.

వారం తర్వాత అయ్య మళ్లీ వేటకి బయలుదేరాడు. ఈసారి అల్లిక దారానికి తాత చేత్తో ముడి వేయించాడు. కొసన లావు నైలాన్ కట్టాడు. చేతులకి తొడుగులు వేసుకున్నాడు. లావు నైలాన్ తాడు కూడా ఒకటి వెంట పెట్టుకున్నాడు.

“అయితే దీన్ని నమ్మినట్టేనా తాతా?” అని అడిగాడు పెద్దోడు.

“రోజూ పొద్దున్న చూసి నమ్ముతాను. చూడకుండా నేను ఏ తాడునీ నమ్మను” అన్నాడు తాత.

సాయంత్రం తెప్ప తిరిగి వచ్చింది. మూడు సూరలు పడ్డాయి. అమ్మ కాటా తీసుకుని ఒడ్డుకి వెళ్లింది. సావుకారి మనిషి తూకం చెప్పేలోపు కాటా మీద అంకెను తానే చదివింది.

గుర్తుంచుకోండి

1. రీలు కొనేటప్పుడు చీటీ చదవండి. బలం కిలోల్లో ఉందో పౌండ్లలో ఉందో చూడండి.

2. అల్లిక దారానికి రెండు పేటల ముడి వేయండి. తడిపి, నెమ్మదిగా బిగించండి.

3. వేటకి వెళ్లే ముందు చివరి రెండు బారలూ వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుగ్గా ఉన్నా, నూగు రేగినా ఆ ముక్క కోసేసి కొత్త ముడి వేయండి.

4. రీలుకి దారాన్ని బిగువుగా చుట్టండి. అడుగున కొంచెం నైలాన్ చుడితే అల్లిక దారం జారి తిరిగిపోదు.

5. వేట నుంచి వచ్చాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.

6. గాలం రాళ్లలో చిక్కుకుంటే దారాన్ని చేతికి చుట్టి లాగకండి. కర్రకి చుట్టి లాగండి.

లెక్క చేయండి

1. ఒక రీలు మీద 30 పౌండ్లు అని ఉంది. అది ఎన్ని కిలోలు?

2. ఒక దారం బలం 20 కిలోలు. చెడ్డ ముడి వల్ల బలం సగానికి తగ్గింది. ఇప్పుడు ఎన్ని కిలోలు ఆపుతుంది?

మాట్లాడుకోండి

1. అయ్య దారం పోవడానికి అసలు కారణం ఏమిటి? అది ఎలా తెలిసింది?

2. అమ్మ చీటీలో తేడాను ఎలా పట్టుకుంది? మీరు కొనే వస్తువుల మీద ఏ ఏ అంకెలు చూస్తారు?

3. మీ ఇంట్లో పెద్దవాళ్లు మొదట నమ్మక, తర్వాత వాడిన కొత్త వస్తువు ఏదైనా ఉందా? దాని గురించి నాలుగు వాక్యాలు రాయండి.